ఎండ గంటల టికెట్టు

సోమవారం

లోనూరు నగర సభలో ఉన్నవాళ్లందరూ దినచర్య రాయాలన్నది నియమం. ఊరివాళ్లు ఎవరడిగినా చూపించాలి. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను. నా పేరు ఓబుళమ్మ, మొదటి వరుసకు సభ్యురాలిని.

పొద్దున లేవగానే గోనె పట్టాలు తడిపి గుమ్మానికి కట్టాను. గాలి గొట్టం మూతి దగ్గర పేరుకున్న దుమ్ము తుడిచాను. మా వరుసలో ఈ రెండు పనులూ అయితే గానీ ఎవరూ పొయ్యి ముట్టించరు. పాత గని సొరంగాల్లో మా ఊరు ఏడు వరుసలుగా కిందికి దిగుతూ ఉంటుంది. మాది అన్నిటికంటే పైన, నేలకు దగ్గర. మీద ఎండ ముదిరితే ముందు కాగేది మా గోడలే. ఏడో వరుసలో రోహిణి కార్తెలో కూడా దుప్పటి కప్పుకుంటారని చెప్పుకుంటారు.

తమ్ముడు రాత్రంతా పైన సూర్యపలకలు తుడిచి వచ్చి పడుకున్నాడు. మరదలు లచ్చుమమ్మ చంటిదాన్ని భుజాన వేసుకుని నాటకశాలకు బయలుదేరుతోంది. పిల్లకు ఒళ్లంతా చెమటకాయలు.

"ఈ పొద్దు ఏం ఆట?" అని అడిగాను.

"ఏమో వదినా, నేనెప్పుడు చూసినాను. పోయి కూర్చోంగానే ఇది నిద్రపోతాది. దాంతోపాటు నేనూ పోతా."

నాటకశాల నాలుగో వరుసలో ఉంది. తొలి తరంవాళ్లు చేత్తో తవ్విన పెద్ద గుహ అది. వేదిక కింద మంచు తొట్టి ఉంటుంది. బయట అడుగు పెట్టలేని ఎండ గంటల్లో అక్కడ ఆట మీద ఆట నడుస్తుంది. మా వరుసలోని ముసలివాళ్లూ, బాలింతలూ ఆ గంటలన్నీ అక్కడే గడుపుతారు. ఇంతవరకూ దేనికీ టికెట్టు లేదు. పాటల గదికీ, బొమ్మలాట మండపానికీ కూడా లేదు.

ఇవాళ సభలో ఆ మాటే వచ్చింది. లేపింది ఏడో వరుస సభ్యుడు శ్రీకంఠయ్య. ఊరి చలువ పంపకం చూసేది ఆయనే. గొంతు పెంచడు, కాగితం చూడకుండా మాట్లాడతాడు.

"మన చలువ యంత్రాలు ముసలివైపోయాయి. ఈ మూడు హాళ్లకూ పోతున్న చలువతో ఒక వరుస మొత్తం బతకొచ్చు. మూసేయమని నేననడం లేదు. వచ్చేవాళ్లు తలా అరగంట ఇంటి చలువ వదులుకోవాలి. దాన్ని మంచు చేసి ఆ హాళ్లకే పంపుతాం. అదే టికెట్టు."

"చంటిపిల్లలకు గూడానా?" అని అడిగాను.

"ఒంటి వేడికి వయసు లేదమ్మా. లోపలికొచ్చే ప్రతి మనిషీ కొంత మంచు కరిగిస్తాడు."

"మీ వరుసలో అరగంట పోతే మీకు తెలియను గూడా తెలీదు. మా వరుసలో ఆ అరగంటకే గోడ మీద చెయ్యి పెట్టలేం."

ఆయన కాదనలేదు. అవునన్నట్టు తలాడించాడు. ఆయనతో వాదించడంలో ఉన్న కష్టమే అది.

అధ్యక్షుడు రాజారత్నం నాటకశాల నిర్వాహకురాలు హుసేన్ బీని పిలిచి మాట్లాడమన్నాడు. చిన్నప్పుడు నేను ఆమె నాటకాల్లో వేషాలు వేశాను. ఆమె మావైపే ఉంటుందని నాకు ఏ కొంచెం అనుమానం లేదు.

"టికెట్టు పెట్టండి," అంది హుసేన్ బీ.

సభలో గుసగుసలు లేచాయి. ఆమె అవి తగ్గేదాకా ఆగింది.

"ఉత్తగా నడిపేదాన్ని ఎవరికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మూసేస్తారు. పోయినేడు ఏడో వరుసోళ్లు ఆలస్యంగా వచ్చినారని కాపలావాళ్లు పై వరుస ముసలోళ్లను ఆట మధ్యలో లేపినారు. నేను వేదిక మీద నిలబడి చూస్తా ఉండా, ఏం చెయ్యలేకపోయినా. అందుకే టికెట్టు ఉండాల. కానీ దాంతోపాటు ఒక మాట రాయండి. టికెట్టు కొన్న మనిషిని ఆట ముగిసేదాకా లేపగూడదు. ఆట ముగిసిందని చెప్పే అధికారం హాల్లో ఉండే సభ సభ్యులకే ఉండాల, కాపలావాళ్లకు గాదు."

శ్రీకంఠయ్య అభ్యంతరం చెప్పలేదు. నెల రోజులు నడిపి చూసి, తర్వాత ఖాయం చేద్దామన్నారు. ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. నేను వద్దని చెయ్యెత్తాను. హుసేన్ బీ వైపు చూడకుండా బయటికొచ్చేశాను.


బుధవారం

టికెట్టు మొదలైంది. నాటకశాల ఖాళీ. మా వరుసవాళ్లు ఎవరూ పోలేదు. లచ్చుమమ్మ తడిగుడ్డ పరిచి పిల్లను నేల మీద పడుకోబెట్టింది. అది ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇప్పుడు చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

పక్కింటి గంగులప్ప గుమ్మంలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. సొరంగాలు తవ్వి పెరిగిన మనిషి, ఇప్పుడు పని మానేశాడు. మా వరుసలో నాటకం కోసమే నాటకశాలకు పోయేది ఆయనొక్కడే. ఆటలో ఎవరైనా పద్యం తప్పు చదివితే ఇంటికొచ్చి మాకందరికీ సరిగ్గా చదివి వినిపిస్తాడు.

"నువ్వు పోలేదా పెదనాయనా?" అన్నాను.

"ఆ గుహలో గోడలు మా నాయన తవ్విందే. పైకప్పు కూలి ఆడనే పోయినాడు. దానికి నేను టికెట్టు కొనాల్నా?"

నవ్వుతూ అన్నాడు గానీ విసనకర్ర ఆగింది.

మధ్యాహ్నం కాకముందే హుసేన్ బీ మా ఇంటికొచ్చింది. నేను నీళ్లిచ్చాను, కూర్చోమనలేదు. తనే కూర్చుంది.

"నా మీద కోపం పెట్టుకోని మీ వరుసను ఇంట్లో మాడ్చొద్దు ఓబులా. అందరినీ తోలుకొని రా."

"ఏం పెట్టి కొంటారక్కా? ఉండే చలువే సాలదు. అదిచ్చి నీ నాటకం చూసి, తిరిగొచ్చి కాగిన గోడల మధ్య పడుకోవాల్నా?"

"నా నాటకం అంటాండావే, అది మీది గాదా?"

"మొన్నటిదాకా మాదే. సోమవారం నువ్వే మాది గాకుండా చేసినావు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "హాలు మూస్తే అక్కడ ఏం పెడతారో తెలుసా? ఆరో వరుసకు ఇంకో మంచు నిలవ గది. నాకు ముందే తెలిసింది. సభలో చెప్పలేకపోయినా. టికెట్టన్నా ఉంటే తలుపైనా ఉంటాది అనుకున్నా."

ఆమె లేచి, లచ్చుమమ్మ ఒళ్లో ఉన్న పిల్ల నుదురు తాకి వెళ్లిపోయింది.


గురువారం

పై వరుసలకు గాలి పంపే రెండో చలువ యంత్రం ఆగిపోయింది.

ముందు గొట్టంలోంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. తర్వాత వెచ్చటి గాలి. తర్వాత అదీ లేదు. వరుస పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. అందరూ గుమ్మాల్లో నిలబడి గొట్టాల వైపు చూస్తూ ఉండిపోయారు.

నేను మెట్లు దిగి చలువ కేంద్రానికి పోయాను. శ్రీకంఠయ్య అక్కడే ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి, చేతుల నిండా గ్రీజు. పనివాళ్లతో పాటు ఆయనా రాత్రి నుంచి అక్కడే ఉన్నట్టుంది.

"దాచడం ఎందుకు, ఓబుళమ్మ గారూ. విడిభాగం పైనుంచి, వేరే ఊరి నుంచి రావాలి. ఈ ఎండలో బండి కదలదు. ఆదివారానికి ఎండ తగ్గుతుందంటున్నారు. అంతవరకూ మొదటి వరుసకు ఇంటికి రెండు గంటల చలువ ఇవ్వగలను. అదీ తెల్లవారుజామున. ఎండ గంటల్లో ఏమీ లేదు."

"రేపు మీద ఎంతుంటాది?"

"ఈ ఏడాదిలో ఇంత ఎప్పుడూ లేదు."

"అయితే నాటకశాల తెరవండి. టికెట్టు లేకుండా."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "తొట్టిలో మంచు లేకుండా తెరిచి ఏం లాభం? మంచు టికెట్టు చలువతోనే వస్తుంది. మీకు ఉచితంగా పోస్తే రెండో వరుస అడుగుతుంది, మూడో వరుస అడుగుతుంది. నా దగ్గర ఎక్కడుంది? మీరు టికెట్లు కొంటే ఆ చలువను ఈ రాత్రికే మంచు చేయించి తొట్టి నింపుతాను. అంతవరకు మాటిస్తాను."

తిరిగి మెట్లెక్కుతూ ఆలోచించాను. తెల్లవారుజామున ఇంటికి వచ్చే రెండు గంటల చలువ, పొద్దెక్కేసరికి గోడలు తాగేస్తాయి. అదే చలువ గుహలో పోస్తే నిలుస్తుంది. మా ఇంట్లో మేము నలుగురం. తలా అరగంట ఇస్తే ఒక ఆటకు సరిపోతుంది. అక్కడితో ఇంటి చలువ అయిపోతుంది. రెండో ఆటకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఎండ గంటల్లో మూడు ఆటలు పడతాయి. మొదటి ఆట అయిపోగానే లేచి రావాలి, అదీ సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చే వేళకు.

అయినా అంతకంటే దారి కనిపించలేదు. ఇల్లిల్లూ తిరిగాను.

"సోమవారం వద్దని చెయ్యెత్తింది నువ్వే గదక్కా," అన్నాడు ఒకతను. "ఇప్పుడు నువ్వే వచ్చి కొనమంటాండావు. నీ మాట ఏదని పట్టుకోవాల?"

"రెండూ నా మాటలే. అప్పుడు యంత్రం నడస్తా ఉండె."

కొందరు తలుపు వేసేశారు. కొందరు పిల్లల ముఖాలు చూసి సరేనన్నారు. చీకటి పడేలోగా దాదాపు అందరూ ఒప్పుకున్నారు. చివరికి గంగులప్ప దగ్గరికి పోయాను.

"నేను రాను అమ్మీ."

"నీ టికెట్టు నేను కొంటా పెదనాయనా. నా వంతు అరగంట నీ పేరున ఇస్తా."

"ఎవరు కొన్నా అది టికెట్టే. మా నాయన సమాధికి పోయేదానికి ఎవురన్నా టికెట్టు కొంటారా? మీరు పోండి. పిల్లలున్నోళ్లు. నేను పోయినేడు ఎండను చూసినా, అంతకు ముందేడు ఎండను చూసినా."

ఆయన కూతురు ఈరమ్మ పైన పలకల పనికి పోయి ఉంది, ఎండ గంటల్లో అక్కడి నేలమాళిగలోనే ఉండి రేపు పొద్దు వాలాకే వస్తుంది. ఆమె ఉంటే ఒప్పించేదేమో. మళ్లీ అడిగాను. ఆయన వినిపించుకోనట్టు పద్యం అందుకున్నాడు.


శనివారం పొద్దున

నిన్న రాయలేకపోయాను. నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

శుక్రవారం మొదటి ఆటకు మా వరుసంతా దిగింది. శ్రీకంఠయ్య మాట నిలబెట్టుకున్నాడు, తొట్టి నిండుగా ఉంది. లోపల అడుగు పెట్టగానే లచ్చుమమ్మ కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. పిల్ల కాసేపటికే నిద్రపోయింది. గంగులప్ప ఎప్పుడూ కూర్చునే ముందు వరుసలో ఆయన చోటు ఎవరూ తీసుకోలేదు. తమ్ముణ్ణి పంపాను. వాడు వగరుస్తూ తిరిగొచ్చాడు.

"రానంటాండాడు. లోపల గడియ పెట్టుకోనుండాడు. తలుపు కొడితే తిట్టినాడు."

"మళ్లీ పో. ఇంకొకరిని తోడు తీసుకోని పో."

తెర లేచింది. దారి తప్పి వేరే ఊరికి చేరిన పెళ్లివారి కథ అది. ఆ ఊళ్లోనూ ఆ రోజే ఇంకో పెళ్లి. ఈ పెళ్లికొడుకు ఆ పెళ్లికూతురి పక్కన కూర్చుంటాడు. అందరికీ తెలిసిన నవ్వులాటే. చివర తప్పు బయటపడి, ఎవరి పెళ్లి వాళ్లకు జరిగి, మూడు ముళ్లు పడగానే తెర పడుతుంది.

ఆ ఘట్టం వచ్చింది. పురోహితుడి వేషగాడు మంత్రం అందుకున్నాడు. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. నేను లేవడానికి సిద్ధపడి, బయట మెట్ల మీది సెగ ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. అప్పుడు పక్క తెరలోంచి హుసేన్ బీ చీర కొంగు నడుముకు దోపుకుని వేదిక మీదికి వచ్చింది. ఈ నాటకంలో ఆమెకు వేషం లేదు.

"ఆపండి. పెళ్లికొడుకు మేనత్తను నేను. నన్ను పిలవకుండా తాళి కడతారా మీరు?"

పెళ్లికొడుకు నిజంగానే బిత్తరపోయాడు. హాలంతా నవ్వింది. ఆమె పీట లాక్కుని మండపం మధ్యలో కూర్చుంది. తనకు జరిగిన అవమానాలన్నీ, తన పెళ్లి నాటి నుంచి, ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. నటులు కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెళ్లికూతురి తండ్రి వేషగాడు ఆమెతో తగాదాకు దిగాడు. అప్పుడు నాకు అర్థమైంది, సోమవారం సభలో ఆమె ఆట ముగిసేదాకా లేపగూడదన్న మాట ఎందుకు రాయించిందో కాదు, ఇప్పుడు దాన్ని ఎంతదూరం లాగబోతోందో.

ఆట సాగింది. మేనత్త అలిగింది, బతిమాలారు, మళ్లీ అలిగింది. నగ పోయిందన్నారు. వెతికారు. మా వరుసలోంచి ఒకావిడ లేచి, "నగ మీ పురోహితుడే తీసినాడు, నేను చూసినా," అంది. హుసేన్ బీ ఆమెను వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించింది. ఆ తర్వాత ఇంకొకరు.

బయట గోల మొదలైంది. రెండో ఆటకు టికెట్లు కొన్న మూడో వరుసవాళ్లు వసారాలో నిలబడి ఉన్నారు. వాళ్లకూ పిల్లలున్నారు. వసారాలో గాలి లేదు. కాపలావాళ్లు తలుపు కొట్టారు. కాసేపటికి తలుపు తీసుకుని శ్రీకంఠయ్య లోపలికి వచ్చాడు. వేదిక వైపు కాసేపు చూసి, వెనక నిలబడి ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"హాల్లో ఉన్న సభ్యులు మీరొక్కరే. ఆట ముగిసిందని చెప్పండి."

"మీరూ సభ్యులే గదా."

"నేను టికెట్టు కొనలేదు. ప్రేక్షకుణ్ణి కాను. చెప్పాల్సింది మీరే. నాటకం ముగిసిందా?"

మా వరుస ముఖాలన్నీ నా వైపు తిరిగి ఉన్నాయి. వేదిక మీద హుసేన్ బీ మాట ఆపలేదు గానీ ఆమె కళ్లు కూడా నా మీదే ఉన్నాయి.

"ఇంకా మూడు ముళ్లు పడలేదు గదండీ," అన్నాను.

"ఇది మోసం. మీకూ తెలుసు. బయట ఉన్నవాళ్లు కూడా చలువ ఇచ్చి వచ్చినవాళ్లే. మీరు సభలో దీనికి జవాబు చెప్పాలి."

"చెప్తా. కానీ వాళ్లను బయట ఎందుకు నిలబెట్టినారు? లోపలికి రానీయండి."

ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. "తొట్టి సగానికి వచ్చింది. ఇంత జనం ఇంకా చేరితే సాయంత్రం కాకముందే మంచు మొత్తం పోతుంది. అప్పుడు వెయ్యి మంది ఒకే గుహలో. మీరు ఆలోచించే మాట్లాడుతున్నారా?"

ఆలోచించే మాట్లాడాను. భయపడుతూనే మాట్లాడాను. "బయట ఉంటే వాళ్లు ఇప్పుడే ఎండదెబ్బకు పోతారు. లోపల ఉంటే సాయంత్రం దాకా చూసుకోవచ్చు. కింది వరుసల్లో మంచు ఉంది. మీరు తెప్పిస్తే వస్తాది."

ఆయన తిరిగి వెళ్లిపోయాడు. నేనే పోయి రెండు తలుపులూ బార్లా తీశాను. మూడో వరుసవాళ్లు తిట్టుకుంటూ లోపలికి వచ్చారు. చోటు కోసం తోపులాట అయింది. ఒకాయన మా తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. వేదిక మీంచి హుసేన్ బీ, "ఏమయ్యా, పెళ్లికొచ్చి కొట్లాడుకుంటారా? ఈడ నా తగాదా తీరినాక మీ ఇష్టం," అంది. కొందరు నవ్వారు. చొక్కా వదిలేశాడు. దారుల్లో, మెట్ల మీద, వేదిక అంచున కూడా కూర్చున్నారు.

మధ్యాహ్నం గడిచేకొద్దీ గుహ వేడెక్కింది. చెమట వాసన, పిల్లల ఏడుపులు. హుసేన్ బీ గొంతు బొంగురుపోయింది. అయినా దిగలేదు. ఆమె మాట వినబడనప్పుడు పెళ్లికూతురి వేషం వేసిన అమ్మాయి ఆమె పెదవులు చూసి, అదే మాట గట్టిగా జనానికి చెప్పింది. తొట్టి మూత తీసి చూశాను. అడుగున గచ్చు కనబడుతోంది.

అప్పుడు తలుపు దగ్గర చక్రాల బండి చప్పుడైంది. శ్రీకంఠయ్య, కాపలావాళ్లు కలిసి మంచు దిమ్మెలు తోసుకుంటూ వచ్చారు. ఒకటి, వెనక ఇంకొకటి. ఆయన తొట్టిలో దిమ్మెలు దించడానికి తనే వంగాడు.

"ఎవరివి ఇవి?" అని అడిగాను.

"ఆరో వరుస నిలవ. అడగలేదు. తెచ్చాను," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "దీనికి నేనూ జవాబు చెప్పాలి," అన్నాడు.

పొద్దు వాలినట్టు గంట మోగాక హుసేన్ బీ చెయ్యెత్తింది. పెళ్లికొడుకు తాళి కట్టాడు. చప్పట్లు కొట్టే ఓపిక ఎవరికీ లేదు. ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. ఆమె వేదిక మీదే పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రికి మోసుకుపోయారు.

మేము పైకి ఎక్కేసరికి గంగులప్ప తలుపు పగలగొట్టి ఉంది. పలకల పని నుంచి నేరుగా వచ్చిన ఈరమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మా తమ్ముడు మూడోసారి పోయినప్పుడు లోపలి నుంచి తిట్లు కూడా రాలేదట, వాడు తోడుతో కలిసి తలుపు పగలగొట్టేసరికే ఆలస్యమైందట. ఆమె ఏడవడం లేదు. తండ్రి ముఖాన నీళ్లు చల్లుతోంది, తుడుస్తోంది, మళ్లీ చల్లుతోంది.


సోమవారం

శనివారం ఎండ గంటలు మిగిలిన మంచుతో నాటకశాలలోనే గడిపాం. ఎండ నిన్న తగ్గింది. విడిభాగం వచ్చింది. ఇవాళ సభ.

ముందు నన్ను నిలబెట్టారు, తర్వాత శ్రీకంఠయ్యను. ఇద్దరం చేసింది చేసినట్టు చెప్పాం. ఆరో వరుస సభ్యుడు మా ఇద్దరినీ సభ నుంచి తీసేయాలన్నాడు. రాజారత్నం అది తర్వాత చూద్దామని, ముందు టికెట్టు సంగతి తేల్చమన్నాడు. నెల ఆగే ఓపిక ఇప్పుడెవరికీ లేదు.

మా వరుసవాళ్లు గోడ పొడవునా నిలబడి ఉన్నారు. టికెట్టు వల్లే గంగులప్ప పోయాడని, దాన్ని ఎత్తేయాలని నన్ను అడగమన్నారు. పొద్దున గుమ్మం దగ్గరే చెప్పి పంపారు. ఎత్తేస్తే హాలు మంచు నిలవ గది అవుతుందని నేను చెప్తే కొందరు నమ్మలేదు. ఇంకొందరు, "అయితే కానీ," అన్నారు.

ఈరమ్మ మాట్లాడతానని చెయ్యెత్తింది. పలకల పని బట్టల్లోనే వచ్చింది.

"మా నాయన టికెట్టు కొననన్నాడు. అది ఆయన పట్టుదల. నేను ఇంట్లో ఉంటే ఎత్తుకోనన్నా పోయేదాన్ని. దానికి మిమ్మల్ని అనేదేం లేదు. కానీ ఒకటి అడుగుతా. ఆయన తన కాళ్ల మీద తాను నడిచి ఆ హాల్లోకి పోయి కూర్చునేటట్టు ఎందుకు లేదు? కూర్చున్నంక నాటకం చూస్తాడో, నిద్రపోతాడో ఆయన ఇష్టం. మీరు టికెట్టు పెట్టుకోండి, తీసేసుకోండి. ఎండ గంటల్లో మాత్రం ఆ తలుపు మూయగూడదు."

శ్రీకంఠయ్య అన్నాడు, "అమ్మా, తలుపు తెరవడం సులభం. మంచు ఎక్కడి నుంచి వస్తుంది?"

"మీరు శుక్రవారం యాడనుంచి తెచ్చినారో ఆడనుంచే."

ఆ మంచు ఎక్కడి నుంచి రావాలో ఆయనే లెక్క కట్టి చెప్పాడు. ఎండ గంటల్లో హాలుకు అయ్యే మంచు సాయంత్రం ఆటల టికెట్లతో రావాలి. పై మూడు వరుసలకు అరగంట, కింది నాలుగు వరుసలకు గంట. అప్పుడు గూడా జనం వస్తేనే. రాకపోతే మూడు హాళ్లనూ నడపలేం, పాటల గదిని మూయాలి. కింది వరుసలకు గంట అన్నప్పుడు ఆయన ఆరో వరుస సభ్యుడి వైపు చూడలేదు.

ఓట్లు సమానమయ్యాయి. చివరి ఓటు నాది. గోడ దగ్గర నిలబడిన మా వరుసవాళ్లు నన్నే చూస్తున్నారు. సాయంత్రం ఆటకు వాళ్లూ అరగంట ఇవ్వాలి. నాటకం కోసమే ఇవ్వాలి, చల్లదనం కోసం కాదు. నాటకం కోసమే పోయేవాడు మా వరుసలో ఒక్కడుండేవాడు.

నేను ఔనని చెయ్యెత్తాను.

బయటికి వస్తుంటే ఎవరూ నాతో మాట్లాడలేదు. లచ్చుమమ్మ మాత్రం పక్కన నడిచింది. "పగలు తలుపు తెరిచే ఉంటాది గదా వదినా?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఆమెకు అంతే కావాలి.


ఆదివారం

ఇవాళ టికెట్టుతో మొదటి సాయంత్రం ఆట.

వారం పొడవునా ఎండ గంటల్లో తలుపులు తెరిచే ఉన్నాయి. మొదటి రోజు మా వరుసవాళ్లు ఎవరో లేపుతారన్నట్టు గోడ వారగా కూర్చున్నారు. నిన్నటికి కాళ్లు చాపుకున్నారు.

హుసేన్ బీ ఆసుపత్రి నుంచి వచ్చింది. గొంతు రాలేదు. వస్తుందో లేదో తెలియదని డాక్టర్లు అన్నారు. వేదిక వెనక స్టూలు మీద కూర్చుని, చేతులతో, పెదవులతో నటులకు చెబుతోంది. శుక్రవారం పెళ్లికూతురి వేషం వేసిన అమ్మాయే పక్కన నిలబడి ఆమె మాటలు పైకి పలుకుతోంది. కొత్త నాటకం. నేను పలకరించబోతే హుసేన్ బీ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత తలుపు వైపు చూపించింది. ఎవరైనా వస్తున్నారా అని.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. సాయంత్రం గాలి మెట్ల మీంచి హాయిగా దిగుతోంది. ఈ వేళకు మా వరుస ఇళ్లలో కూడా చల్లగానే ఉంటుంది. హాలుకు రావాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మొదట ఏడో వరుస నుంచి ఇద్దరు వచ్చారు. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. శ్రీకంఠయ్య వచ్చి తనకో టికెట్టు కొనుక్కుని వెనక వరుసలో కూర్చున్నాడు. మూడో వరుస నుంచి ఒక కుటుంబం వచ్చింది. మా తమ్ముడి చొక్కా పట్టుకున్నాయన, భార్యతో. నన్ను చూసి ఇబ్బందిగా తలాడించాడు.

మెట్ల మీద మా వరుసవాళ్లు కనిపించారు. అందరూ కాదు. పదిమందో, పన్నెండుమందో. ముందు ఈరమ్మ. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. టికెట్టు తీసుకుని నా ముందు ఆగింది.

"ఏం ఆట అక్కా?"

"కొత్తది. నాకూ తెలీదు."

"మా నాయన ఇంటికొచ్చి చెప్పే కథలే నాకు తెలిసింది. ఎప్పుడూ పనిలో ఉంటి. ఒక్కసారి గూడా కూర్చోని చూడలే."

లోపలికి పోయి చుట్టూ చూసింది. ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేక కాసేపు నిలబడి, మధ్యలో ఒక చోట కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

హాలు సగం కూడా నిండలేదు. ఇంతమందితో ఎన్నాళ్లు నడుస్తుందని వెనక్కి తిరిగి శ్రీకంఠయ్యను అడిగాను. ఆయన చుట్టూ చూసి, చలికాలం దాకా పరవాలేదన్నాడు. ఆ తర్వాత ఆయనకూ తెలియదు.

దీపాలు తగ్గాయి. ఈరమ్మ నా మోచేయి పట్టుకుంది. తెర లేచింది.